నష్టాల లెక్క, మంఖాల్ పెండ్లి చీరలు

నష్టం తగ్గిందని విని చప్పట్లు కొట్టిన మనుషులం మేము. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వాగదు.

తొంభైల నడుమ సంగతి ఇది. శంషాబాద్‌లో, బెంగళూరు రోడ్డు మీద, ఒక డిపార్ట్‌మెంటల్ స్టోర్‌లో చీరల సెక్షన్ నాది. ఆ పేరుతో మొత్తం మూడు దుకాణాలు ఉండేవి. మైలార్‌దేవ్‌పల్లిలో ఒకటి, సాతంరాయిలో ఒకటి, శంషాబాద్‌లో మాది. నడిపేది తండ్రీకొడుకులు. తండ్రిని పెద్దసారు అనేవాళ్ళం. మైలార్‌దేవ్‌పల్లిలో చిన్న బట్టల కొట్టు పెట్టి, పరుపు మీద కూర్చుని బట్ట కొలిచి అమ్మిన మనిషి. కొడుకు చిన్నసారు. సిటీలో హాస్టల్లో ఉండి కామర్స్ చదువుకున్నాడు. మాట కూడా పుస్తకం చదివినట్టే ఉండేది. బొంబాయిలో పెద్ద పెద్ద దుకాణాలు చూసొచ్చి, తండ్రి కొట్టును తీసేసి, ఒక పక్క పప్పులూ సబ్బులూ, ఇంకో పక్క బట్టలూ, కింద మెరిసే టైల్సూ, పైన ట్యూబులైట్లూ పెట్టి మూడుచోట్లా షోకుగా తెరిపించాడు.

నేను ఇంటర్ తప్పాను. ఒకసారి కాదు. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నా చదువు కోసం ప్రార్థన చేయించేది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, పాస్టరమ్మగారు మాత్రం ఒక కన్ను తెరిచి నా వైపు జాలిగా చూసేది. ఆ చూపుకు నాకు ఒళ్ళు మండేది. ఇక చదువు వద్దు, కుట్టుమిషను నేర్చుకుని ఇంట్లో కూర్చోమన్నారు అంతా. అలాంటి రోజుల్లో దుకాణంలో ఆడపిల్లలు కావాలన్న బోర్డు చూసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్ళి అడిగేశాను. పెద్దసారు నన్ను ఎగాదిగా చూసి, "మాట్లాడొస్తదా బిడ్డా?" అన్నాడు.

"మాట్లాడుడు తప్ప నాకు ఇంకేం రాదు సార్" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వి, రేపటి నుంచి వచ్చేయమన్నాడు. నా జన్మలో నేను పాసైన మొదటి పరీక్ష అదే.

ఇక నా గర్వం చూడాలి! చీరలన్నీ హ్యాంగర్లకు వరసగా వేలాడుతుండేవి. ఒక్కోదానికీ చిన్న అట్టముక్క మీద ధర. గోడ మీద "ఒకే ధర" అని పెద్ద బోర్డు. పొద్దున్నే ఆ చీరల మీద దుమ్ము దులుపుతుంటే నేనే వాటికి యజమానురాలిననిపించేది. జనం వచ్చేవాళ్ళు, రాకేం? ఫ్యాను కింద నిలబడేవాళ్ళు, నిలువుటద్దంలో చూసుకునేవాళ్ళు, చీర కొసను రెండు వేళ్ళతో నలిపి చూసి "మల్లొస్తం" అని వెళ్ళిపోయేవాళ్ళు. కొనేది మాత్రం సబ్బూ, చాయ్‌పత్తీ. చీర జోలికి పోరు. వీళ్ళింత పిసినారులేందిరా దేవుడా అని లోలోపల తిట్టుకునేదాన్ని. ఒకరిద్దర్ని పైకే అనేశాను కూడా.

చిన్నసారుకు ఒక ముచ్చట ఉండేది. పెద్ద కంపెనీలు మూడు నెలలకోసారి పేపర్లో తమ ఫలితాలు వేస్తాయి కదా, మనమూ అలా చెప్పుకోవాలని. "పనిచేసేవాళ్ళందరికీ సంస్థ పరిస్థితి తెలియాలి" అనేవాడు. మూడు దుకాణాల వాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి, కాగితం పట్టుకుని నిలబడి చదివేవాడు. ముందు గడిచిన మూడు నెలల లెక్క, ఆ తర్వాత రాబోయే మూడు నెలల అంచనా. ఫలితాలు అన్న మాట వింటేనే నాకు ఇంటర్ తప్పిన రోజులు గుర్తొచ్చేవి.

మొదటిసారి ఎవరికీ ముక్క అర్థం కాలేదు. రెండోసారి, "కిందటి మూడు నెలలతో పోలిస్తే మన నికర నష్టం తగ్గింది" అని చదివాడు. తగ్గింది అన్న మాట చెవిన పడీపడగానే మా బిల్లింగ్ అక్క చప్పట్లు మొదలుపెట్టింది. అందరం అందుకున్నాం. చిన్నసారు కాగితం దించి మా మొహాల్లోకి చూశాడు.

"ఎందుకు కొడుతున్నారు? ఇంకా నష్టమేనండీ!"

"తగ్గింది గద సార్. జర సంతోషపడనియ్యిండ్రి" అంది అక్క.

పెద్దసారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను.

దసరాకు ముందు చదివినప్పుడు మాత్రం ఎవరికీ చేతులు లేవలేదు. మైలార్‌దేవ్‌పల్లి నిలదొక్కుకుంది, సాతంరాయి ఎలాగో నడుస్తోంది, శంషాబాద్‌లోనే కిరాణా సంపాదించినదంతా చీరల సెక్షన్ మింగేస్తోంది అన్నాడు. అద్దె, కరెంటు బిల్లు, కదలని పాత సరుకు, అన్నీ ఏకరువు పెట్టాడు. చివర్న, "రాబోయే మూడు నెలల్లో దసరా, దీపావళి, క్రిస్మస్ వస్తాయి. అప్పటికీ చీరలు కదలకపోతే శంషాబాద్ శాఖను మూసేయక తప్పదు" అన్నాడు.

మిగతావాళ్ళకు ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. బిల్లింగ్ అక్కకు లెక్కలొచ్చు, కిరాణా వైపు ఉన్న అన్నలకు ఒంట్లో బలముంది. నాకేముంది? నోరుంది. నేనూ ఒక పనికొచ్చే మనిషినే అని నాకు తోచిన చోటు లోకం మొత్తంలో అదొక్కటే. అది మూతపడితే కుట్టుమిషను ముందు కూర్చోవాలి, పాస్టరమ్మగారి జాలి చూపును మళ్ళీ భరించాలి. ఆ రోజు నుంచి దుకాణం ముందు ఏ ఆడమనిషి నడిచినా చేయి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసేదాన్ని. దసరా పోయింది, దీపావళి పోయింది. చీరలు హ్యాంగర్లకు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అంతెందుకు, మా అమ్మే కొనలేదు! క్రిస్మస్ చీర నా దగ్గరే తీసుకోవాలని బతిమాలి, దుకాణానికి తీసుకొచ్చాను. అమ్మ హ్యాంగర్ల ముందు అటూ ఇటూ నడిచింది, రెండు చీరలు ముట్టుకుంది, మొహం ముడుచుకుంది.

"గిట్ల నిలవడి చీర కొంటరా ఎవరన్న? కాళ్ళు గుంజుతున్నయే" అంది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకే అంటోందనుకుని పరుగున పోయి స్టూలు తెచ్చి వేశాను. అమ్మ స్టూలు మీద కూర్చుని, వేలాడే చీరల వైపు తలెత్తి కాసేపు చూసి, "ఇగ తర్వాత చూద్దాంలే" అని లేచింది. మర్నాడు సిటీలో పత్తర్‌గట్టి బట్టల బజారుకు పోయి ఎంచక్కా ఒకటి కొనుక్కుని వచ్చింది. కూతురు చీరలమ్ముతుంటే తల్లి వేరే చోట కొనుక్కుంటుందా? నాకు తల కొట్టేసినట్టయింది. పండగనాడు కేకు తింటూ కూడా అమ్మతో మాట్లాడలేదు.

జనవరిలో ఫలితాలు చదివే రోజు వచ్చింది. ఈసారి మా దుకాణంలోనే, పొద్దున్నే, అమ్మకాలు మొదలుకాకముందు. ఏం చదువుతాడో అందరికీ తెలుసు. చిన్నసారు టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు తెప్పిస్తానన్నాడు. పెద్దసారు ఒప్పుకోలేదు.

"నష్టం జెప్పెటందుకు కుర్సీలు గూడ కిరాయికి తేవాల్నా? దుప్పట్లు పరువుండ్రి" అన్నాడు.

అమ్మకానికి పెట్టిన తెల్ల దుప్పట్లే నాలుగైదు విప్పి చీరల సెక్షన్ ముందు పరిచాం. తెల్లటి దుప్పటి మీదికి చెప్పులతో ఎవరొస్తారు? మూడు దుకాణాల వాళ్ళమూ చెప్పులు బయట మెట్ల మీద విడిచాం. గిరాకీ రాకుండా షట్టరు సగం దించి, బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. పెద్దసారుకు మాత్రం బిల్లింగ్ కౌంటరు దగ్గరి కుర్చీ. చిన్నసారు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాలు, రాత్రంతా నిద్ర లేని కళ్ళు. పాపం, ఆయనకూ సరదా కాదది.

మైలార్‌దేవ్‌పల్లి గురించి చదివాడు. సాతంరాయి గురించి చదివాడు. కాగితం తిప్పాడు. "ఇక శంషాబాద్ శాఖ విషయానికొస్తే..." అని ఆగి, మా వైపు చూడలేక కాగితంలోకే చూస్తున్నాడు. బిల్లింగ్ అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. ప్రభువా, ఆ మాట ఆయన నోట్లోనే ఉండిపోయేట్టు చెయ్యి అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు బయట ట్రాక్టరు వచ్చి ఆగిన చప్పుడు. ఆ వెంటనే ఒక ముసలమ్మ గొంతు ఖంగుమంది.

"ఓ పోరీ, చూసినవా గీడ గిన్ని చెప్పులున్నయి! మాల్ మంచిగున్నట్టుంది. దిగుండ్రి, దిగుండ్రి!"

షట్టరు కింద నుంచి తలలు వంచుకుని ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చేశారు. ముందు ముసలమ్మ, ఆమె చేయి పట్టుకుని సిగ్గుపడుతూ ఒక పిల్ల, వెనక మేనత్తలు, చిన్నమ్మలు, వదినలు. మంఖాల్ నుంచి వస్తున్న పెండ్లివాళ్ళు. ఆ పిల్లే పెండ్లికూతురు, ముసలమ్మ నాయనమ్మ. బట్టల కోసం శంషాబాద్ మీదుగా సిటీకి పోతున్నారట. దారిలో మా మెట్ల మీది చెప్పుల కుప్ప కనబడింది. లోపల తెల్ల దుప్పట్లు పరిచి ఉన్నాయి, వాటి మీద జనం కూర్చుని ఉన్నారు, ఎదురుగా చీరలున్నాయి. వాళ్ళ లెక్కలో అది మాంచి గిరాకీ మీదున్న బట్టల దుకాణం. మేమంతా కొనడానికి వచ్చినవాళ్ళం.

"జర జరుగమ్మా" అని ముసలమ్మ బిల్లింగ్ అక్కను పక్కకు నెట్టి, దుప్పటి మధ్యలో కాళ్ళు మడుచుకుని హాయిగా చతికిలబడింది. మిగతావాళ్ళంతా చుట్టూ సర్దుకున్నారు. అప్పుడు ఆమె, కాగితం పట్టుకుని నిలబడ్డ చిన్నసారు వైపు తల ఎత్తింది.

"ఊఁ, తియ్యి బిడ్డా. పెండ్లి చీరలు తియ్యి."

చిన్నసారు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, దుకాణం ఇంకా తెరవలేదు. ఇది మీటింగు. మేం నష్టాల్లో ఉన్నాం. ఆ సంగతే మాట్లాడుకుంటున్నాం."

ముసలమ్మ తన వాళ్ళ వైపు చూసి కన్ను కొట్టింది. నిజం, కన్ను కొట్టింది!

"చూసిన్రా, ఇంక చీర తియ్యనే లేదు, అప్పుడే నష్టమంటున్నడు. బిడ్డా, నా పెండ్లప్పటి సంది చీరలు కొంటున్న. లాభమొచ్చిందని చెప్పిన షావుకారి ఒక్కడన్న కనవడలే నాకు."

"కాదమ్మా, నిజంగానే నష్టం! ఇదిగో చూడండి, కాగితం మీద రాసి ఉంది."

"అబ్బో! కాగితం మీద రాసుకొని గూడ వచ్చిండు!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. మాలో ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో కాదు, నేనే. చిన్నసారు మొహం ఎర్రబడింది. ఇక పట్టుదలకు పోయి, అద్దె ఎంత భారమో, కరెంటు బిల్లు ఎలా వస్తోందో, సరుకు ఎలా నిలిచిపోయిందో వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. మాకు కూడా ఎప్పుడూ అంత విడమరిచి చెప్పలేదు. ముసలమ్మ ఓపిగ్గా విని, "మా బోరు గూడ ఎండింది నాయినా. బర్రె పాలిస్తలేదు. అయితే మా పిల్ల పెండ్లి ఆగుతదా? నీ తిప్పలు నీకున్నయి, మా తిప్పలు మాకున్నయి. ఇద్దరం నడిమిట్ల కలుద్దాం. ముందుగాల చీర తియ్యి" అంది.

"అమ్మా, ఇక్కడ ఒకే ధర" అన్నాడు చిన్నసారు, నీరసంగా, గోడ మీది బోర్డు చూపిస్తూ.

"ఒక్కటే చెప్పు బిడ్డా, రెండు మూడు ఎవరు చెప్పుమన్నరు? గా ఒక్కటే జర తక్కువ చెప్పు."

పెద్దసారు ఇక ఆగలేకపోయాడు. కుర్చీలోంచి దిగి, పంచె సర్దుకుని, వచ్చి ముసలమ్మకు ఎదురుగా దుప్పటి మీద కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. నా వైపు చేయి చాచి, "తియ్యి బిడ్డా, అన్నీ కిందికి తియ్యి!" అన్నాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది. హ్యాంగర్లను టపటపా లాగి చీరలు ఆయన ముందు పడేశాను. ఆయన ఒక చీర అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరాడు. అది పొరలు పొరలుగా విచ్చుకుని ముసలమ్మ ఒళ్ళో వాలింది. ఆడవాళ్ళందరి చేతులూ ఒక్కసారే దాని మీద పడ్డాయి. ఒకామె అంచు చూసింది, ఒకామె తిరగేసింది, ఒకామె బుగ్గకు ఆనించుకుంది. మేనత్త బాగుందంది, చిన్నమ్మ పెదవి విరిచింది, ఇద్దరూ దెబ్బలాడుకున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ రోజు అమ్మ అన్నది కాళ్ళ నొప్పి గురించి కాదు! చీర ఒళ్ళో పడాలి, పదిమంది చుట్టూ చేరి ముట్టుకోవాలి, ఒకరు వద్దంటే ఒకరు కావాలనాలి. చీర కొనడమంటే మావాళ్ళకు అంతా కలిసి కూర్చోవడం. పుట్టినప్పటి నుంచి అమ్మ ఒళ్ళో కూర్చుని చూసిందే అది. హ్యాంగర్ల షోకులో పడి నేనే మరిచిపోయాను. తర్వాత పెద్దసారును అడిగితే, "నేను గూడ కొత్తరకం దుకాణమంటే గిట్లనే నిలవడి కొంటరేమో అనుకున్న" అన్నాడు.

ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేదు. అత్తగారికి ఏది పెట్టాలి, ఆడబిడ్డకు ఏది పెడితే మాట రాదు, ఒడిబియ్యం చీర ఏ రంగైతే మంచిది, అన్నీ నేనే చెప్పాను. పెండ్లికూతురు మాత్రం కిక్కురుమనలేదు. ముసలమ్మ ఎర్రచీరలన్నీ ఆమె భుజాన వేసి చూస్తుంటే, ఆ పిల్ల కళ్ళు పదేపదే హ్యాంగరుకు మిగిలిపోయిన వంకాయరంగు చీర మీదికి పోతున్నాయి. నేను దాన్ని తీసుకొచ్చి, మాటల్లో పెట్టి, ఆ పిల్ల భుజం మీద పరిచేసి అద్దం ముందు నిలబెట్టాను. ఆ నవ్వు చూడాలి! ముసలమ్మ నా వైపు కోపంగా చూసి, మనవరాలి వైపు చూసి, "సరే తియ్యి, దాని ఇష్టం" అంది. పెద్దసారు అందరికీ చాయ్ తెప్పించాడు. ట్రాక్టరు దగ్గరున్న మగవాళ్ళకు కూడా పంపించాడు. బేరం చాయ్ చల్లారేదాకా నడిచింది. అంత సంబరంగా పోట్లాడుకున్న ఇద్దరు ముసలివాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

చిన్నసారు కాసేపు గోడకు ఆనుకుని చూశాడు. తర్వాత మెల్లగా వచ్చి మడతలు పెట్టడానికి కూర్చున్నాడు. ఒక్క మడతా కుదరలేదు. బిల్లింగ్ అక్క ఆయన చేతిలోంచి చీర లాక్కుని, "గట్ల గాదు సార్, గిట్ల" అని చూపించింది. చిన్నమ్మల్లో ఎవరో ఆయన్ను ఒక జాకెట్ ముక్క అడిగింది, ఊరికే ఇమ్మని. ఆయన తండ్రి వైపు చూశాడు. పెద్దసారు అటు తిరిగి చాయ్ తాగుతున్నాడు. చిన్నసారు ఒక ముక్క కత్తిరించి ఇచ్చాడు. ఆమె "సల్లగుండు బిడ్డా" అంటే, ఆయన నవ్వాడు. ఫలితాల రోజున ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. కాగితాలు చీరల కింద ఎక్కడో పడి ఉన్నాయి.

మూటలు కట్టాక వాళ్ళు లేచారు. సిటీకి పోయే పనే లేకుండా పోయింది. నేను మెట్ల దాకా సాగనంపాను. అన్ని చెప్పుల్లో తన చెప్పులు వెతుక్కుని వేసుకుంటూ ముసలమ్మ నా గడ్డం పట్టుకుంది.

"ఎండకాలం మా చిన్నదాని లగ్గం బిడ్డా. సీదా నీ కాడికే వస్తం. నువ్వుంటవు గద?"

ఏమని చెప్పను? మాట్లాడుడు తప్ప ఏమీ రాని దాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు నా నోరు పెగల్లేదు. వెనక్కి తిరిగి చూశాను. చిన్నసారు షట్టరు లోపల నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆయనకూ వినబడింది. వంగి, రెండు చేతులా షట్టరు పట్టుకుని పూర్తిగా పైకి లేపి, బయటికి వచ్చాడు.

"ఉంటుందమ్మా. మీ చిన్నమ్మాయికి కూడా తనే చూపిస్తుంది. తప్పకుండా రండి" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు పక్కన, లారీలు పోతుంటే, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చేశాను. ముసలమ్మ కంగారుపడి నన్ను దగ్గరికి లాక్కుని, తన కొంగుతో నా మొహం తుడిచింది.

"ఏందే పిచ్చిదానా! పెండ్లి మా ఇంట్ల అయితుంటే నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"